కాంతికి వేడెక్కే బంగారం: క్యాన్సర్ గడ్డ దాకా చేరడంలోనే చిక్కంతా

బంగారు నానో రేణువులు ఎక్కించి, లేజర్ వేసి, ఎలుకలో క్యాన్సర్ గడ్డను మాడ్చేశారన్న వార్త తరచూ కనబడుతూనే ఉంటుంది. వార్త నిజమే. ఆ పని 2003 నుంచీ రకరకాల ప్రయోగశాలల్లో చేసి చూపిస్తూనే ఉన్నారు. మరి ఇరవై ఏళ్లు దాటినా పెద్దాసుపత్రికి వెళ్లి అడిగితే ఈ వైద్యం ఎందుకు దొరకడం లేదు?

చాలామంది అనుకునేది బంగారం ఖరీదని. అది కాదు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. 10 నానోమీటర్ల మందం, 40 నానోమీటర్ల పొడవున్న కడ్డీలాంటి రేణువులైతే ఒక్క మిల్లీగ్రాము బంగారంలో దాదాపు 17 లక్షల కోట్లు వస్తాయి. వేడి పుట్టించడమూ సమస్య కాదు, ఆ పనిలో బంగారానికి సాటి వచ్చేవి తక్కువ. చిక్కల్లా ఒక్కటే: రేణువులు, కాంతి రెండూ గడ్డలో ఒకే చోట, ఒకేసారి, సరిపడా మోతాదులో కలవాలి. ఈ రంగంలో గెలుపైనా ఓటమైనా దాదాపుగా అక్కడే తేలుతుంది.

పచ్చటి లోహం ఎర్రబడేదెందుకు

బంగారాన్ని 20 నానోమీటర్ల గుండ్రటి రేణువులుగా చేసి నీళ్లలో నిలిపితే ఆ నీళ్లకు బంగారు రంగు రాదు, దానిమ్మ రసం రంగు వస్తుంది. మైకేల్ ఫారడే 1857లో ఈ ఎర్ర ద్రావణాలను తయారుచేసి, ఆ రంగుకు కారణం అతి చిన్న బంగారు తునకలేనని చెప్పాడు. ఆయన సీసాలు లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఎందుకలా జరుగుతుందో 1908లో గుస్తావ్ మీ గణితంతో తేల్చాడు.

లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు కాంతి పడగానే ఒక్కుమ్మడిగా అటూ ఇటూ ఊగుతాయి. ఒకానొక తరంగదైర్ఘ్యం దగ్గర ఆ ఊపు ఉద్ధృతమవుతుంది. దాన్ని ప్లాస్మాన్ అనునాదం అంటారు. ఆ స్థితిలో రేణువు తన అడ్డుకోత వైశాల్యం కన్నా ఎక్కువ మేర పడే కాంతిని లాగేసుకుంటుంది. 40 నానోమీటర్ల గోళం విషయంలో ఇది రెట్టింపుకు పైనే. గుండ్రటి రేణువుకు ఈ అనునాదం 520 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చలో వస్తుంది. ఆకుపచ్చ పోయాక మనకు కనబడేది ఎరుపు.

లాక్కున్న శక్తి వేడిగా మారే క్రమం చాలా వేగంగా నడుస్తుంది. ఎలక్ట్రాన్లు దాన్ని తమలో తాము పంచుకోవడానికి 100 ఫెమ్టోసెకన్ల స్థాయిలో సమయం చాలు (వెయ్యి ఫెమ్టోసెకన్లు ఒక పికోసెకను, లక్ష కోట్ల పికోసెకన్లు ఒక సెకను). లోహంలోని పరమాణువులకు అందించడానికి ఒకటి రెండు పికోసెకన్లు, అక్కడి నుంచి చుట్టూ ఉన్న నీటికి చేరడానికి వంద పికోసెకన్ల దరిదాపు పడుతుంది. తిరిగి వెలుతురుగా వదిలేది దాదాపు సున్నా. ఆసుపత్రుల్లో రక్తప్రసరణ చూడటానికి వాడే ఇండోసయనిన్ గ్రీన్ రంగు అణువు ఒకదానితో ఒక బంగారు నానో రేణువును పోలిస్తే, రేణువు శోషణ లక్ష రెట్ల స్థాయిలో ఉంటుంది.

ఇక్కడే ఒక అపోహ పుడుతుంది. క్యాన్సర్ కణానికి అంటుకున్న ఒక్కో రేణువు నిప్పురవ్వలా ఆ కణాన్ని కాలుస్తుందని వార్తా చిత్రాలు చూపిస్తాయి. లెక్క వేస్తే సంగతి వేరు. చదరపు సెంటీమీటరుకు ఒక వాటు చొప్పున నిరంతరంగా వెలిగే లేజర్ కింద 40 నానోమీటర్ల రేణువు, తనకు బాగా నప్పే రంగు కాంతి పడినా సరే, తన చుట్టూ ఉన్న నీటి కంటే వేడెక్కేది డిగ్రీలో పదివేల వంతులు రెండే. అంత చిన్న వస్తువు నుంచి వేడి పుట్టినంత వేగంగానే నీటిలోకి జారిపోతుంది. గడ్డ వేడెక్కేది కోటానుకోట్ల రేణువులు కలిసి ఆ ప్రాంతమంతటినీ వేడెక్కిస్తేనే. కాబట్టి కణానికి రేణువు సరిగ్గా అంటుకుందా అన్నదానికన్నా, ఒక గ్రాము గడ్డలో ఎన్ని మైక్రోగ్రాముల బంగారం చేరిందన్నదే ముఖ్యమవుతుంది. నానోసెకన్ల పిడుగుల్లా కొట్టే లేజర్ల కథ వేరు. అక్కడ రేణువు చుట్టూ నిజంగానే ఆవిరి బుడగ పేలి కణాన్ని చీల్చగలదు. వైద్య పరీక్షల దాకా వచ్చిన పద్ధతి మాత్రం నిరంతర లేజర్‌దే.

ఫోటోడైనమిక్ థెరపీ అనే మరో కాంతి వైద్యం ఉంది, రెండింటినీ కలిపేసి రాస్తుంటారు. అందులో కాంతి పడిన మందు ఆక్సిజన్‌ను రెచ్చగొట్టి కణాన్ని చంపుతుంది. ఆక్సిజన్ అందని గడ్డ నడిబొడ్డున అది సరిగ్గా పనిచేయదు. బంగారంతో చేసేది ఫోటోథర్మల్, ఉత్త వేడి. దానికి ఆక్సిజన్‌తో పనిలేదు.

520 దగ్గర పనికిరాదు, 800 దగ్గర కావాలి

ఆకుపచ్చ కాంతి ఒంట్లోకి పోదు. రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని అక్కడికక్కడే మింగేస్తుంది. 900 నానోమీటర్లు దాటాక నీరు మింగడం మొదలుపెడుతుంది. మధ్యలో సుమారు 650 నుంచి 900 వరకు ఉన్న సందులోనే కాంతి కాస్త లోపలికి వెళుతుంది. అందుకని బంగారం అనునాదాన్ని 520 నుంచి 800 దగ్గరికి జరపాలి. దానికి ఆకారం మార్చాలి.

ఒక దారి కడ్డీలు. పొడవు మందానికి నాలుగు రెట్లుంటే అనునాదం 800కి దగ్గరగా వస్తుంది. రెండో దారి నానోషెల్. సుమారు 120 నానోమీటర్ల సిలికా గోళానికి 15 నానోమీటర్ల మందం బంగారు తొడుగు వేస్తారు. తొడుగు పలచబడే కొద్దీ అనునాదం పరారుణం వైపు జరుగుతుంది. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో నయోమీ హాలస్ బృందం 1998లో ఈ తొడుగు కిటుకును చూపింది. అక్కడే జెన్నిఫర్ వెస్ట్‌తో కలిసి 2003లో ఎలుకల గడ్డలను వేడితో దెబ్బతీశారు. 2006లో జార్జియా టెక్‌కు చెందిన ముస్తఫా ఎల్-సయ్యద్, క్యాన్సర్ శస్త్రవైద్యుడైన ఆయన కుమారుడు ఐవన్ ఎల్-సయ్యద్ కలిసి కడ్డీలతో క్యాన్సర్ కణాలను గుర్తించి, ఆ కడ్డీలతోనే చంపి చూపించారు.

కడ్డీలు తయారయ్యేదిలా, చెడేదిలా

ఎక్కువమంది వాడే పద్ధతి 2003లో నిక్ఖూబఖ్త్, ఎల్-సయ్యద్ ఇచ్చింది. రెండు అంకాలుగా సాగుతుంది. మొదట సీడ్ ద్రావణం, అంటే కడ్డీలు పెరగడానికి గింజల్లాంటి అతి చిన్న బంగారు రేణువులది: 0.2 మోలార్ సీట్యాబ్ (కడ్డీలను పొరలా చుట్టుకునే సబ్బులాంటి రసాయనం) 5 మిల్లీలీటర్లు, 0.5 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ ఆమ్లం (బంగారం ఉండే సమ్మేళనం) 5 మిల్లీలీటర్లు కలిపి, మంచులో పెట్టిన 0.01 మోలార్ సోడియం బోరోహైడ్రైడ్ 0.6 మిల్లీలీటర్లు ఒక్కసారిగా పోసి గట్టిగా కలియబెడతారు. పసుపు పోయి లేత గోధుమ రంగు వస్తే సీడ్ కుదిరినట్టు. ఎరుపు తిరిగితే గింజలు అప్పుడే పెద్దవైపోయాయని అర్థం. పారబోసి మళ్లీ చేయడమే మంచిది.

తర్వాత పెరుగుదల ద్రావణం. మళ్లీ సీట్యాబ్ 5 మిల్లీలీటర్లు, 4 మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ 0.05 నుంచి 0.25 మిల్లీలీటర్ల దాకా, 1 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ ఆమ్లం 5 మిల్లీలీటర్లు. దీనికి 0.0788 మోలార్ ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే మన విటమిన్ సి, 70 మైక్రోలీటర్లు చేర్చగానే ముదురు పసుపు ద్రావణం నీళ్లలా తేటబడుతుంది. బంగారం కొంత దూరం క్షయీకరణ చెందిందన్నమాట, అంటే ఎలక్ట్రాన్లు అందుకుని లోహం వైపు జరిగింది, లోహం మాత్రం ఇంకా కాలేదు. అప్పుడు 12 మైక్రోలీటర్ల సీడ్ వేసి 27 నుంచి 30 డిగ్రీల మధ్య కదపకుండా ఉంచితే పది ఇరవై నిమిషాల్లో రంగు దిగుతుంది. వెండి మోతాదు పెంచే కొద్దీ, ఒక హద్దు దాకా, కడ్డీ పొడవు నిష్పత్తి పెరుగుతుంది.

చెడిపోయే చోట్లు చాలానే ఉన్నాయి. బోరోహైడ్రైడ్ ద్రావణం నిలవ ఉంటే నీటితో చర్య జరిపి బలం కోల్పోతుంది, అప్పటికప్పుడు చల్లటి నీళ్లలో కలపాలి. గది 25 డిగ్రీల కంటే చల్లబడితే సీట్యాబ్ తెల్లటి సూదుల్లా గడ్డకట్టి అడుగున చేరుతుంది, దానితో పాటు కడ్డీలూ పోతాయి. ఏసీ గదుల్లో ఇది మామూలే. గాజు సామానులో పాత బంగారం మరకలుంటే కొత్త బంగారం వాటి మీద పేరుకుంటుంది కాబట్టి ముందు ఆక్వా రీజియాతో, అంటే బంగారాన్ని కరిగించే ఆమ్లాల మిశ్రమంతో కడుగుతారు. అన్నిటికన్నా విసిగించింది సీట్యాబ్‌లోని అయోడైడ్ మలినం. ఒకే పేరుతో, ఒకే శుద్ధతా శాతంతో అమ్మే సీట్యాబ్ ఒక కంపెనీది కడ్డీలిస్తుంటే మరో కంపెనీది ఉత్త గోళాలిచ్చేది. పదిలక్షల పాళ్లలో కొన్ని పదుల పాళ్ల అయోడైడ్ కూడా కడ్డీ పెరుగుదలను ఆపేస్తుందని 2008, 2009 ప్రాంతంలో తేలాక గానీ చాలా ప్రయోగశాలలకు తమ తప్పేమీ లేదని తెలియలేదు.

కడ్డీలు వచ్చాక అసలు శుద్ధి మొదలవుతుంది. సీట్యాబ్ సబ్బు జాతి పదార్థం, కణత్వచాలను కరిగిస్తుంది. ద్రావణంలో విడిగా తిరిగే సీట్యాబ్ మిగిలితే కణాలు చచ్చేది లేజర్ వల్లా, సబ్బు వల్లా అన్నది చెప్పలేం. అందుకే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పై ద్రవం తీసేసి, చివర గంధకం ఉన్న పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్) గొలుసులను బంగారానికి అతికిస్తారు. తిప్పడం తక్కువైతే సీట్యాబ్ మిగులుతుంది. పెగ్ ఎక్కక ముందే మూడు నాలుగుసార్లు తిప్పితే రక్షణ పోయి కడ్డీలు ఒకదానికొకటి అంటుకుంటాయి, ద్రావణం బూడిద రంగుకు తిరిగి అడుగున నల్లటి మడ్డి కూర్చుంటుంది. ఏ రంగు కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే స్పెక్ట్రోమీటర్‌లో 800 దగ్గరి శోషణ శిఖరం వెడల్పై, కుంగిపోతే అదే జరిగిందని గుర్తు. ఒకసారి అంటుకున్నవి ఎంత కలియబెట్టినా మళ్లీ విడిపోవు.

నానోషెల్ తయారీ ఇంతకన్నా నిదానం గానీ సబ్బు బెడద లేదు. సిలికా గోళాలకు అమైన్ పూత పూసి, దాని మీద ఒకటి నుంచి మూడు నానోమీటర్ల బంగారు చుక్కలు అంటించి, ఆ చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి పెంకు అయ్యేదాకా బంగారు లవణాన్ని క్షయీకరిస్తారు. పెంకు మధ్యలో చిల్లులు మిగిలితే శిఖరం జారిపోతుంది.

ఎంత వేడి, ఎంతసేపు

వేడి మోతాదుకు వాడుకలో ఉన్న కొలమానం 1984లో సపరెటో, డ్యూయీ ఇచ్చింది. 43 డిగ్రీల సెల్సియస్ దగ్గర 240 నిమిషాలు ఉంచితే కణజాలం చచ్చినట్టు లెక్క. ఆపైన ఒక్కో డిగ్రీకి కావలసిన సమయం సగానికి తగ్గుతుంది. 47 దగ్గర 15 నిమిషాలు. 50 దగ్గర రెండు నిమిషాల లోపే. 53 దగ్గర 14 సెకన్లు. 60 దాటితే మాంసకృత్తులు ఉన్నపళాన గడ్డకడతాయి.

ఈ లెక్క చూస్తే గడ్డను 37 నుంచి 53కి, అంటే 16 డిగ్రీలు పెంచితే చాలనిపిస్తుంది. గడ్డ నడుమ అంతే చాలు. అంచు దగ్గరే తంటా. లేజర్ మూడు నిమిషాలు వేశారనుకుందాం. నడుమ 55 ఉన్నప్పుడు రెండు మూడు మిల్లీమీటర్ల అవతల 45 మాత్రమే ఉండొచ్చు. 45 దగ్గర చావడానికి గంట కావాలి. అక్కడి కణాలు దెబ్బతింటాయి, చావవు. పైగా హీట్ షాక్ ప్రొటీన్లను తయారుచేసుకుని రెండోసారి వేడికి మొండికేస్తాయి. పక్కనే పెద్ద రక్తనాళం పోతుంటే అది వేడిని మోసుకుపోతుంది, నాళాన్ని ఆనుకున్న కణాలు బతికిపోతాయి. గడ్డ తిరిగొచ్చేది ఎక్కువగా ఈ అంచుల నుంచే. అందుకే గడ్డ హద్దు దాటి కొన్ని మిల్లీమీటర్ల మేర కూడా మాడ్చాలి, అక్కడ నరమో పేగో ఉంటే అది కుదరదు.

మరో లోపం కడ్డీలది. తీవ్రమైన లేజర్ పిడుగుల కింద కడ్డీ కరిగి గుండ్రబడుతుంది, బంగారం మామూలుగా కరిగే 1064 డిగ్రీలకు చాలా దిగువనే దాని కొసలు మొద్దుబారడం మొదలవుతుంది. గుండ్రబడిన రేణువు మళ్లీ 520 దగ్గరికి పోతుంది, 800 లేజర్‌ను ఇక పట్టించుకోదు. మొదటి నిమిషంలో ఉష్ణోగ్రత పెరిగి, తర్వాత లేజర్ వెలుగుతున్నా పడిపోతుంటే కారణం తరచుగా ఇదే.

రక్తంలోంచి గడ్డలోకి

సూదితో నేరుగా గడ్డలోకి ఎక్కించడం ఒక పద్ధతి. ఎలుక చర్మం కింద పెంచిన గడ్డకు అది సులువు, కానీ రేణువులు సూది దిగిన చోటే ముద్దగా ఉండిపోతాయి. సమంగా పరచుకోవాలంటే రక్తం ద్వారానే పోవాలి. దీనికి ఆధారం 1986లో జపాన్‌లో మత్సుమురా, మయేదా గుర్తించిన విషయం: గడ్డలో హడావుడిగా పుట్టిన రక్తనాళాల గోడలకు సందులుంటాయి, పెద్ద అణువులు అక్కడి నుంచి కారి లోపల నిలిచిపోతాయి. ఈ సందులు ఎంతవరకు నిజమన్నది ఇప్పటికీ వాదనే. టొరంటో విశ్వవిద్యాలయంలోని వారెన్ చాన్ బృందం 2020లో ఎలుకల మీద చేసిన పరిశీలనలో, గడ్డలోకి వెళ్లే రేణువుల్లో అత్యధిక భాగం సందుల ద్వారా కాక నాళపు గోడ కణాలే పనిగట్టుకుని మోసుకెళితే వెళ్తున్నాయని తేలింది.

అదే బృందం 2016లో పదేళ్ల ప్రచురణలను కూడి లెక్క తీసింది. ఎక్కించిన నానో రేణువుల్లో గడ్డకు చేరేది మధ్యస్థ విలువగా 0.7 శాతం. ప్రతిరోధకాలు అతికించి గురిపెట్టినా 0.9 శాతమే, గురి లేకుండా 0.6 శాతం. క్యాన్సర్ కణాన్ని వెతుక్కుంటూ పోయే బంగారం అని రాసేవాళ్లు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. రేణువు ఎక్కడికీ వెతుక్కుంటూ పోదు. రక్తం ఎటు తీసుకుపోతే అటు పోతుంది, దారిలో కాలేయంలో రక్తాన్ని శుభ్రపరిచే కుప్ఫర్ కణాలు, ప్లీహం అత్యధిక భాగాన్ని పట్టేసుకుంటాయి. రక్తంలో పడిన క్షణంలోనే ప్రొటీన్లు రేణువు మీద పొరగా పేరుకుని దాన్ని రోగనిరోధక కణాలకు పట్టిస్తాయి. పెగ్ పూత ఈ పట్టివేతను గంటల మేర వాయిదా వేస్తుంది, ఆపదు.

ఎలుక ఫలితాన్ని మనిషికి అన్వయించేటప్పుడు బరువు లెక్క కూడా చూడాలి. 20 గ్రాముల ఎలుకలో 0.2 గ్రాముల గడ్డ అంటే శరీరంలో నూటికి ఒక వంతు. 60 కిలోల మనిషిలో ఆ నిష్పత్తికి 600 గ్రాముల గడ్డ ఉండాలి. ఆ దశకు రాకముందే పట్టుకోవాలనుకునే ఒకటి రెండు గ్రాముల గడ్డకు రక్తంలోంచి చేరే వాటా ఎంత తగ్గుతుందో ఊహించుకోవచ్చు.

కాంతిది ఇంకో ఇబ్బంది. 808 నానోమీటర్ల దగ్గర చర్మానికి హాని లేదని అమెరికా లేజర్ భద్రతా ప్రమాణం అనుమతించేది చదరపు సెంటీమీటరుకు సుమారు 0.33 వాట్లు. ఎలుకల మీద ప్రచురితమయ్యే ప్రయోగాల్లో ఒకటి, రెండు, కొన్నిసార్లు నాలుగు వాట్లు కూడా వాడతారు. పైగా ఎలుక గడ్డ చర్మం కిందే ఉంటుంది. మనిషిలో సెంటీమీటరు లోతుకు వెళ్లేసరికి, కణజాలాన్ని బట్టి తేడా ఉన్నా, చర్మం మీద పడిన కాంతిలో మిగిలేది కొద్ది శాతమే. బయటి నుంచి లేజర్ వేసి క్లోమంలోని గడ్డను మాడ్చడం ఈ భౌతిక శాస్త్రం ప్రకారం జరగని పని. 1064 నానోమీటర్లకు జరిగితే అనుమతి పరిమితి ఒక వాటుకు పెరుగుతుంది, కణజాలంలో కాంతి చెదరడం కూడా తగ్గుతుంది. ఆ తరంగదైర్ఘ్యానికి కడ్డీలను సన్నగా, పొడవుగా పెంచుతున్నారు. దాంతో లోతు కొంత పెరుగుతుంది, పది సెంటీమీటర్లు మాత్రం రాదు.

ప్రొస్టేట్ దగ్గర ఎందుకు కుదిరింది

బయటి నుంచి కాంతి పోకపోతే కాంతినే లోపలికి తీసుకెళ్లాలి. రైస్ విశ్వవిద్యాలయ పరిశోధన నుంచి పుట్టిన నానోస్పెక్ట్రా సంస్థ చేసిందదే. ప్రొస్టేట్ గ్రంథికి ఈ పద్ధతి నప్పడానికి మూడు కారణాలున్నాయి. బయాప్సీ కోసం సూదులు దింపే దారి అప్పటికే అలవాటైనది. ఎంఆర్‌ఐలో గడ్డ ఎక్కడుందో బాగా కనబడుతుంది. గ్రంథి మొత్తం తీసేసినా, రేడియేషన్ ఇచ్చినా మూత్రం ఆపుకోలేకపోవడం, లైంగిక సామర్థ్యం తగ్గడం వంటివి రోగులను బాధిస్తాయి కాబట్టి గడ్డ ఒక్కదాన్నే మాడ్చే పద్ధతికి గిరాకీ ఉంది.

క్రమం ఇలా ఉంటుంది. మొదటి రోజు సుమారు 150 నానోమీటర్ల నానోషెళ్లను సెలైన్‌లా రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అవి గడ్డ రక్తనాళాల పరిసరాల్లో చేరడానికి సమయమిచ్చి, మర్నాడు మత్తు ఇచ్చి, ముందే తీసిన ఎంఆర్‌ఐ చిత్రాన్ని అల్ట్రాసౌండ్ మీద జోడించి, ఆ దారి చూపుతుంటే సన్నని గొట్టాన్ని గడ్డలోకి దింపుతారు. గొట్టంలో లేజర్ ఫైబర్, దాని చుట్టూ ఫైబర్ కొస మాడిపోకుండా పారే నీరు. 810 నానోమీటర్ల కాంతి ఒక్కో చోట మూడు నిమిషాలు వేసి, ఫైబర్‌ను జరిపి మళ్లీ వేస్తారు. లేజర్ శక్తిని బంగారం లేని కణజాలాన్ని మాడ్చేంత కన్నా తక్కువ దగ్గర ఉంచడం ఇందులో కీలకం. బంగారం చేరిన చోట మాత్రమే ఆ కాంతి హద్దు దాటే వేడి అవుతుంది. వట్టి లేజర్‌తో గడ్డను మాడ్చే పాత పద్ధతికీ దీనికీ ఉన్న తేడా అంతా అదే.

న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో జరిగిన తొలి పరీక్ష ఫలితం 2019లో వచ్చింది. తక్కువ, మధ్యస్థ తీవ్రత ఉన్న 16 మందిలో 15 మందికి చికిత్స పూర్తయింది. ఏడాది తర్వాత మాడ్చిన చోట బయాప్సీ తీస్తే 15 మందిలో 13 మందికి క్యాన్సర్ కనబడలేదు. మూత్ర, లైంగిక ఇబ్బందుల కొలమానాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తర్వాత పలు ఆసుపత్రుల్లో నలభై మందికి పైగా పాల్గొన్న పరీక్షలో ఏడాదికి సఫలమైనవారు సుమారు నాలుగింట మూడొంతులు. చిన్న పరీక్షలో అంకెలు మెరుగ్గా కనబడి, ఎక్కువ చోట్ల ఎక్కువ చేతుల్లో చేసేసరికి కొంత దిగడం వైద్యంలో ఎప్పుడూ ఉండేదే. ఈ రెండు పరీక్షల్లోనూ పక్కన పోల్చి చూడటానికి వట్టి లేజర్ మాత్రమే ఇచ్చిన రోగుల గుంపు లేదు. బంగారం తన వాటాగా ఎంత మేలు చేసిందన్నది ఆ పోలిక వస్తేనే కచ్చితంగా చెప్పగలం.

ఈ పద్ధతి మాడ్చేది ఒక చోట ఉన్న గడ్డను. ఎముకలకో ఊపిరితిత్తులకో పాకిన క్యాన్సర్‌కు ఫైబర్ ఎన్ని చోట్ల దింపుతారు? మాడిన గడ్డ శకలాలు రోగనిరోధక వ్యవస్థను మేల్కొలిపి దూరపు గడ్డలను కూడా తగ్గించవచ్చన్న ఆశతో ఇమ్యునోథెరపీ మందులతో కలిపి ప్రయోగాలు నడుస్తున్నాయి. ఎలుకల్లో ప్రోత్సాహకరంగానే ఉన్నాయి.

పని అయ్యాక బంగారం ఎక్కడికి పోతుంది

మూత్రపిండం వడకట్టి బయటికి పంపగలిగేది సుమారు 5.5 నానోమీటర్ల లోపు రేణువులనే. 150 నానోమీటర్ల నానోషెల్ కాలేయంలో, ప్లీహంలో నెలల తరబడి ఉండిపోతుంది. బంగారం రసాయనికంగా మందకొడి లోహం, ఇప్పటిదాకా జరిగిన పరీక్షల్లో దానివల్ల పెద్ద హాని బయటపడలేదు. కానీ 75 ఏళ్ల ప్రొస్టేట్ రోగికి సరే అనిపించేది 30 ఏళ్ల రోగికి అలాగే సరే అనలేం.

ఈ మెలికను విప్పే ప్రయత్నాల్లో మన దేశానిది చెప్పుకోదగ్గ పాలు. ఐఐటీ బొంబాయిలో రోహిత్ శ్రీవాస్తవ బృందంలో అరవింద్ కుమార్ రెంగన్, సహచరులు కొవ్వు పొరల లైపోజోమ్ మీద చిన్న చిన్న బంగారు రేణువులను పొదిగి, మొత్తంగా పరారుణ కాంతికి వేడెక్కేలా చేశారు. పని అయ్యాక లైపోజోమ్ విచ్చిపోయి బంగారం చిన్న తునకలై కాలేయం, మూత్రపిండాల దారిన పోతుందని ఎలుకల్లో చూపించిన ఫలితం 2015లో వచ్చింది. రెంగన్ తర్వాత ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగంలో ఈ తరహా పరిశోధన కొనసాగించారు. ఆలోచన చక్కటిదే. నిలకడ, విచ్ఛిత్తి రెండూ ఒకే వస్తువుకు కావాలి, అదే దీని కష్టం. రక్తంలో ఉండగానే విచ్చిపోతే 800 దగ్గరి శోషణ పోతుంది. విచ్చకుండా గట్టిగా ఉంటే మళ్లీ కాలేయంలోనే మిగులుతుంది. సీసాలో నెలల తరబడి నిలవ ఉంచినా చెడకూడదన్నది మూడో షరతు.

స్వర్ణ భస్మాన్ని దీంతో ముడిపెట్టి అమ్మే ప్రకటనలు కనబడుతుంటాయి. రెండింటికీ సంబంధం లేదు. భస్మం నోటితో తీసుకునేది. అందులోని రేణువుల పరిమాణం, ఆకారం 800 దగ్గర అనునాదం కోసం తీర్చినవి కావు, అవి గడ్డకు చేరే మార్గమూ లేదు, కాంతి ఊసే లేదు.

కొత్త ఫలితం గురించి చదివినప్పుడు నాలుగు విషయాలు చూస్తే దాని బరువు తెలిసిపోతుంది. రేణువులను రక్తంలోకి ఎక్కించారా, గడ్డలోకే గుచ్చారా. గ్రాము గడ్డకు ఎంత బంగారం చేరిందో కొలిచి చెప్పారా. లేజర్ చదరపు సెంటీమీటరుకు ఎన్ని వాట్లు, ఎంతసేపు. బంగారం లేకుండా వట్టి లేజర్ వేసిన ఎలుకలు పోలికకు ఉన్నాయా. వేడెక్కుతున్న ఎలుక రంగుల చిత్రం వేసి ఈ నాలుగింటిలో మూడు చెప్పని వ్యాసాలు కోకొల్లలు.

రోగి తరఫున వెతుకుతున్నవారికి ఒక మాట. మన దేశంలో మనుషుల మీద జరిగే వైద్య పరీక్షలను ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నడిపే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో (సీటీఆర్‌ఐ) నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. సీటీఆర్‌ఐ వెబ్‌సైటు ఎవరైనా చూడొచ్చు. నానో గోల్డ్ థెరపీ పేరుతో ఎవరైనా ప్యాకేజీ ధర చెబితే ముందు ఆ నమోదు సంఖ్య అడగండి. సంఖ్య ఇస్తే దాన్ని సైటులో కొట్టి, అందులో రాసిన క్యాన్సర్ రకం, దశ, ఆసుపత్రి పేరు మీకు చెప్పినవాటితో సరిపోతున్నాయో లేదో చూసి, ఆ కాగితాలతో మీ ఆంకాలజిస్టు దగ్గరికి వెళ్లండి.